గోధుమరంగు చిలకలు

"నేనే కోశానని చెప్పాను కదయ్యా. ఇంకా ఏం చెప్పమంటారు?"

మ్యూజియం వెనకవైపు, బొమ్మలు ప్యాక్ చేసే గదిలో, ఒక చెక్కపెట్టె మీద కూర్చుని ఉంది ఆమె. యాభై అయిదేళ్లుంటాయి. కథలు చెప్పేవాళ్ల కోసం గుడ్డ మీద బొమ్మల పటాలు వేయడం ఆమె వృత్తి. రేపు పొద్దున మొదలు కావలసిన జానపద చిత్రాల ప్రదర్శనలో, వచ్చిన జనం ఎదుట కూర్చుని బొమ్మ వేసి చూపించడానికి ఆమెను పిలిపించారు. ఇవాళ మధ్యాహ్నం భోజనాల వేళ, ప్రదర్శన అంతటికీ తలమానికమని చెప్పుకుంటున్న నూటయాభై ఏళ్లనాటి చుట్టపటం నుంచి చివరి గడిని బ్లేడుతో కోసేసిందని ఆమె మీద నేరం మోపారు. మోపడానికేముంది, అడిగిన మరుక్షణం ఆమే ఒప్పుకుంది.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న డిటెక్టివుకి అదే మింగుడు పడటం లేదు. కాదు కాదని మొత్తుకునేవాళ్ల నోట నిజం రాబట్టడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఔను ఔనంటూనే తలుపులన్నీ మూసేసుకునే మనిషిని ఎటునుంచి తట్టాలో తెలియలేదు. పోలీసు ఉద్యోగంలో ఉండగా అతన్ని అందరూ 'నిదానం' అని పిలిచేవాళ్లు. పైవాళ్లు వెక్కిరింతగా పిలిస్తే, కిందివాళ్లు ముద్దుగా పిలిచేవాళ్లు. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివు బోర్డు కట్టుకున్నా ఆ పేరు మాత్రం అతన్ని వదల్లేదు. అసలు పేరు పెట్టి పిలిచే ఒకే ఒక్క మనిషి, అతని భార్య, పోయి అయిదేళ్లయింది. ఇప్పుడా పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు.

"ఎందుకు కోశారమ్మా?"

"కోపం వచ్చింది."

"ఎవరి మీద?"

"పటం మీద."

"పటం మిమ్మల్ని ఏం చేసింది?"

ఆమె తల తిప్పుకుంది.

"పోనీ, కోసిన ముక్క ఏం చేశారు?"

"చెత్తబుట్టలో పారేశాను."

"ఆ హాల్లో చెత్తబుట్ట లేదమ్మా. ఒంటిగంటకి గార్డు బయటనుంచి తాళం వేశాడు. క్యారేజీ ఇక్కడే తింటానని మీరు లోపల ఉండిపోయారు. రెండున్నరకి తలుపు తీశాడు, ముక్క కోసి ఉందని అప్పుడే చూశాడు, అక్కడే నిలబడి కేకేశాడు. మిమ్మల్ని ఆడ కానిస్టేబులు సోదా చేసింది. మీ దగ్గర లేదు. మీరు బయటికి పోలేదు. మరి ముక్క ఎటు పోయింది?"

"నాకేం తెలుసు? నేను కోశాను, అంతే. తీసుకెళ్లి జైల్లో పెట్టండి."

ఆ మాట ఆమె నోట అన్నం వడ్డించమన్నంత మామూలుగా వచ్చింది. నిదానం లేవబోయాడు. అప్పుడు ఆమె ఉన్నట్టుండి, "ఒక్క మాట సాయం చెయ్యండయ్యా. నా బల్ల ఎవరినీ కదపొద్దనండి. వేసిన రంగు ఇంకా తడి ఆరలేదు" అంది.

ఇంతసేపూ తనకోసం గుక్కెడు మంచినీళ్లు కూడా అడగని మనిషి అది అడిగింది. చేసే పని మీద మమకారం కాబోలు అనుకున్నాడు నిదానం. అనుకున్నాడే గానీ, మాట మనసులో ఒక మూల పెట్టుకున్నాడు.

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చాడు. నిదానం భార్యకి సొంత తమ్ముడు. బావ దగ్గరే పని నేర్చుకుని, బావ కంటే పై మెట్టు ఎక్కినవాడు. అక్క ఉన్నన్నాళ్లూ సెలవు దొరికితే చాలు, వచ్చి బావ పక్కన కూర్చుని తిని పోయేవాడు. ఆమె పోయాక రాకపోకలు పలచబడి పలచబడి, చివరికి ఇలా ఏదో కేసులో ఎదురుపడటమే మిగిలింది. మధ్యలో మనిషి పోయినా వరస మాత్రం పోలేదు.

"ఒప్పుకున్న కేసుకి నీ పరిశోధన ఏమిటి బావా?" అన్నాడు, నిదానాన్ని వరండాలోకి నడిపిస్తూ. 

"ముక్క దొరికిందా?"

"దొరుకుతుంది."

"అంటే దొరకలేదన్నమాట."

"మనిషి దొరికింది, చాలదా? అయిదింటికి జీపు ఎక్కించేస్తాను. పటం సొంతదారు కంప్లయింటు ఇచ్చాడు, బ్లేడు ఆవిడ పెట్టెలో ఉంది, నేరం ఆవిడే ఒప్పుకుంది. నాలుగైదేళ్లకి తక్కువ పడదు. ఇందులో నీకు పనేముందని డైరెక్టరు నిన్ను పిలిచాడో నాకర్థం కాదు."

"నువ్వు మనిషిని పట్టుకుని వస్తువుని వదిలేస్తావని ఎవరో చెప్పి ఉంటారు."

ఇన్‌స్పెక్టరు మొహం మాడిపోయింది. "అయిదింటిదాకా నీ ఇష్టం. తర్వాత నా ఇష్టం" అని చేతి గడియారం చూపించి వెళ్లిపోయాడు.

నిదానం హాల్లోకి నడిచాడు. మ్యూజియం డైరెక్టరు పటం ముందు నిలబడి, ఇంట్లో శవం ఉన్నట్టు చేతులు కట్టుకుని ఉన్నాడు. పై కప్పు దగ్గర కర్రకి వేలాడదీసిన ఆ పటం మనిషి మోకాళ్ల దాకా దిగింది. తప్పిపోయిన ఆవును వెతుక్కుంటూ ఊళ్లు తిరిగే ఒక పశువుల కాపరి కథ అది. పైనుంచి కిందికి గడి గడిగా బొమ్మలు. అన్నిటికంటే కింద ఉండవలసిన గడి లేదు. దాని చోట గోడ కనిపిస్తోంది.

"సరిగ్గా అదే పోవాలా" అన్నాడు డైరెక్టరు, గోడకి అంటించిన అట్ట ముక్కను చూపిస్తూ. "రెండు వారాలు కూర్చుని రాశానండి ఇది."

నిదానం వంగి చదివాడు. 'చివరి గడి: చెట్టు కింద ఆవును కనుగొన్న కాపరి. గోధుమరంగు ఆకులు, గోధుమరంగు చిలకలు, వాటికి ఆకుపచ్చ ముక్కులు! పేరు తెలియని ఆ చిత్రకారుడు ప్రకృతి నియమాలనే ధిక్కరించాడు. తప్పిపోయినది దొరికినా మనిషి పాత మనిషి కాలేడన్న వేదనకు ఈ చిలకలు ప్రతీకలు.'

"చిలకలు గోధుమరంగులో ఉన్నాయా?"

"ఆ రంగే దాని విలువ. ఇలాంటిది ఇంకెక్కడా లేదు."

"ఫొటో ఉందా?"

"సొంతదారు తీయనివ్వలేదు. పాత బొమ్మలు సేకరించే పెద్దమనిషి ఆయన. చాలా మర్యాదస్తుడు. వెలుతురు పడితే రంగు చెడుతుందని ఫొటోలు వద్దన్నాడు."

నిదానం నేలమీద చతికిలబడి, జేబులోంచి భూతద్దం తీశాడు. అద్దం ఎక్కడ పెట్టినా దాన్ని తీయడానికి తొందరపడడు అతను. డైరెక్టరు ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు.

"ఇది కిందనుంచి పైకి చుట్టి దాచే పటమే కదండీ?"

"అవును. కథ చెప్పేవాళ్లు రోజూ చుట్టి విప్పేవాళ్లు. రంగు మీది ఆ బీటలు అలా వచ్చినవే."

"అలా వస్తే అన్నీ అడ్డంగా రావాలి. చుట్ట మడత పడే దారినే రంగు పగులుతుంది కదా. ఇవేమో అడ్డం నిలువూ లేకుండా అన్ని వైపులా పోయాయి. పిడికిట్లో పెట్టి నలిపిన జేబురుమాలు ఇలా ఉంటుంది."

నిదానం కోసిన అంచుకి ముక్కు ఆనించి వాసన చూశాడు. మగ్గిన జిగురు వాసన సన్నగా తగిలింది. ఇందాక హాల్లోకి వస్తున్నప్పుడు ఆ పటాలావిడ బల్ల దగ్గర తగిలిన వాసన కూడా అదే. ఆవిడ జిగురు ఉడికించి నాలుగు రోజులయిందేమో. నూటయాభై ఏళ్ల గుడ్డకి ఆ వాసన ఉండటానికి వీల్లేదు.

అద్దం రంగు మీదికి జరిపాడు. నల్లటి గీతలు ఎవరివో గానీ, ఒక్క చోట చెయ్యి తడబడలేదు. లోపల నింపిన రంగు మాత్రం గీతల్ని దాటి బయటికి పోయింది. కుంచె జాడ కూడా వేరు. నిదానం జేబులోని పెన్ను కుడిచేత్తో పట్టుకుని గాలిలో పూసి చూశాడు, తర్వాత ఎడమచేత్తో పూసి చూశాడు. డైరెక్టరు మొహంలో ఇతనికి మతి పోయిందా అన్న అనుమానం స్పష్టంగా కనిపించింది.

"గీసినవాళ్లది కుడిచెయ్యి. రంగు నింపినవాళ్లది ఎడమచెయ్యి. ఇద్దరు చేసిన పని ఇది" అన్నాడు నిదానం లేచి మోకాళ్లు దులుపుకుంటూ. "ఇద్దరూ మనకాలం వాళ్లే. పటం కొత్తదండి."

"ఏమిటి కొత్తది?" అన్నాడు వెనకనుంచి ఇన్‌స్పెక్టరు. ఎప్పుడొచ్చాడో వచ్చాడు.

"ఈ పటం. పాతదిగా కనబడేట్టు చేశారు."

"అయితే ఏమిటట? కొత్తదాన్ని కోసినా నేరమే."

"ఆవిడకి దీన్ని గీసినవాళ్లెవరో తెలుసు. కోసింది అందుకే. ఎవరినో దాస్తోంది."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "నీకు ఇంట్లో ఊసుపోక ఇలాంటివన్నీ తోస్తాయి బావా. ఉండు, సొంతదారునే అడిగేద్దాం, ఎక్కడ కొన్నాడో" అని ఫోను తీసుకుని వరండాలోకి నడిచాడు.

ఆ మాట నిదానానికి సూదిలా గుచ్చుకుంది. ఇంట్లో ఊసుపోని మాట నిజమే. నిజమైన మాటకి జవాబు చెప్పడం కష్టం. పొద్దున పేపర్లో ఏదైనా వింత కనిపిస్తే అతను ఇప్పటికీ గట్టిగా పైకి చదువుతాడు. చదివాక గానీ వినే మనిషి లేదని గుర్తుకు రాదు. ఆ అవమానంలో పడి, బావమరిది ఫోనులో ఏం మాట్లాడుతున్నాడో చెవి పెట్టలేదు. ఆ పని చెయ్యనందుకు తర్వాత చాలా చింతించాడు.

పటాలావిడ బల్ల హాలు మూల ఉంది. ఏటవాలు చెక్క మీద తెల్లగుడ్డ బిగించి, చుట్టూ మేకులు కొట్టి, సగం బొమ్మ వేసింది. పక్కన రంగుల సీసాలు వరసగా ఉన్నాయి. ప్రతి సీసా మెడకీ దారం కట్టి ఉంది. ఎర్రరంగు సీసా దారానికి ఒక ముడి ఉంది. పచ్చదానికి రెండు, పసుపుదానికి మూడు. మూతలు లేని గాజు సీసాలు అవి. లోపలి రంగు ఎంత దూరంనుంచయినా కనిపిస్తుంది. కనిపించే రంగుకి గుర్తులెందుకు?

నిదానం ఆ దారాలను వేళ్లతో తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు. చీకట్లో అయినా, కళ్లు మూసుకుని అయినా ఏ రంగో చెప్పేయవచ్చు. కళ్లున్న మనిషికి కళ్లతో తెలియని రంగు ఎప్పుడు ఉంటుంది?

ఆ ప్రశ్న వేసుకున్నాక గోడమీది అట్టముక్క గుర్తొచ్చింది. ఆకులు గోధుమరంగు, ముక్కులు ఆకుపచ్చ.

బొమ్మ మీద వేలు పెట్టి చూశాడు. రంగు ఎప్పుడో ఆరిపోయింది, వేలికి మరక కూడా అంటలేదు. ఒక పక్క మేకులు మాత్రం వంకరగా, తొందరలో కొట్టినట్టు ఉన్నాయి. వాటిని గోటితో లాగితే వచ్చేశాయి. తెల్లగుడ్డకీ చెక్కకీ మధ్య చెయ్యి పెట్టి, లోపలున్నదాన్ని మెల్లగా బయటికి తీశాడు. పోలీసులు ఆ బల్ల పక్కనుంచి ఎన్నిసార్లు పోయారో. దాన్ని పాత పేపర్లో చుట్టి చంకన పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు ప్యాకింగు గదికి నడిచాడు.

తలుపు దగ్గరగా వేసి, ముక్కను ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె ఉలిక్కిపడలేదు. మడతపడిన అంచును బొటనవేలితో సాపు చేసింది.

"సీసాలకి ఆ ముళ్లు మీకోసం వేసుకున్నవి కావు. మీ ఆయనకి రంగులు తెలియవు కదమ్మా" అన్నాడు నిదానం.

ఆమె మాట్లాడటం మొదలుపెట్టాక ఇక ఆగలేదు.

"పెళ్లయిన కొత్తలో తెలిసింది. ఆకు తెమ్మంటే ఎండాకూ పచ్చాకూ కలిపి తెచ్చాడు. ఎరుపూ పచ్చా ఆయన కంటికి ఒకటే. తాతలనాటినుంచి పటాలేసే ఇంట్లో పుట్టి రంగు తెలియదంటే నలుగురూ నవ్వరా? అందుకని సీసాలకి ముళ్లు వేశాను. ఎవరన్నా చూడ్డానికొస్తే ఆయనే తడిమి తీసి పూసేవాడు. ఎవరూ లేనప్పుడు ఆయన గీసేవాడు, నేను నింపేదాన్ని. మా అత్తకి తెలియదు, మా మరిదికి తెలియదు. మా ఇద్దరికే తెలుసు."

"ఆయన పోయి ఎన్నాళ్లయింది?"

"మూడేళ్లు. కాలవగట్టు మీద సంచీ, చెప్పులూ దొరికాయి. మనిషి దొరకలేదు. నీళ్లు ఎటో ఈడ్చుకుపోయాయన్నారు. అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. ఆ తర్వాత అందరూ మానేశారు."

"ఇంకా సీసాలకి ముళ్లు వేస్తూనే ఉన్నారు."

"కొత్త సీసా తెస్తే చెయ్యి ఊరుకోదయ్యా. కట్టేస్తుంది."

ఆమె చిలకల మీద అరచెయ్యి పరిచింది. "మొన్న ఈ పటం హాల్లో వేలాడదీయడానికి విప్పుతుంటే పక్కనే ఉన్నాను. ఆవు గిట్ట చూశాను. అది ఆయన గీత. నేను ఎన్ని వేల గిట్టలకి రంగు నింపానని. అక్కడే కూలబడ్డాను, ఎండదెబ్బ అనుకున్నారు. మిగతా గళ్లలో రంగు ఎవరో నింపారు, అతుకులబొంతలా ఉన్నా రంగు తప్పు కాలేదు. ఈ చివరిదాంట్లో చూడండి, అన్నీ తప్పే. ఆయన నన్ను తప్ప ఎవర్నీ అడగడు, సిగ్గు. పక్కన ఎవరన్నా ఉంటే వాళ్లే నింపుదురు. ఎవరూ లేరు. ఒక్కడే కూచుని వేసుకున్నాడు."

ఆ గోధుమరంగు చిలకల్లో డైరెక్టరుకి ఏదో వేదన కనబడింది, ఈవిడకి మొగుడు ఒక్కడే అన్నం ఎలా తింటున్నాడో కనబడింది.

"మరి ఎందుకు కోశారు?"

"రేపు మా వాళ్లంతా వస్తారు. మా మరిది ఒక్క చూపు చూస్తే గీత పట్టేస్తాడు. దొంగపటాలు వేస్తున్నాడని పోలీసులు వెతికి పట్టుకుంటారు. గడి తెగిన పటాన్ని ఇంక ఎవరికీ చూపించరనుకున్నాను. నేను జైలుకెళ్తే ఎవరికీ నష్టం లేదు, ఇంటికెళ్లినా ఒక్కదాన్నే." చిలకల మీంచి చెయ్యి తీసేసింది. "కోపం వచ్చిందన్నది కూడా అబద్ధం కాదు. బతికుండి ఒక్క కబురు పంపలేదు."

"పంపే వీలు ఉండి ఉండదమ్మా. ఇలాంటి పని చేయించేవాళ్లు మనిషిని బయటికి వదలరు. ఈ పటం ఎవరి దగ్గరనుంచి వచ్చిందో, ఆ చెప్పులు గట్టుమీద పెట్టింది కూడా వాళ్లే అయి ఉంటారు."

ఆమె తలెత్తి అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో మొదటిసారి ఆశ కనిపించింది. నిదానానికి భయం వేసింది.

వరండాలో అడుగుల చప్పుడు వినబడింది. నిదానం ముక్కను గబగబా పేపర్లో చుట్టి చంకలో పెట్టేసుకున్నాడు. ముందు ఇన్‌స్పెక్టరు, వెనక డైరెక్టరు, వాళ్ల మధ్య తెల్లటి బట్టల్లో ఒక పెద్దాయన లోపలికి వచ్చారు. పటం సొంతదారు. డైరెక్టరు చెప్పినట్టే మర్యాదస్తుడు. గది గుమ్మంలో చెప్పులు విప్పి మరీ వచ్చాడు.

"నువ్వేనా అమ్మా?" అన్నాడు మెత్తగా. "నిన్ను ఇక్కడికి పిలిపించిన సంగతి నాకు ఇవాళే తెలిసింది. ఇన్‌స్పెక్టరు గారు ఫోన్లో అంతా చెప్పారు. గీసినవాళ్లెవరో నీకు తెలుసటగా."

నిదానం బావమరిది వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు చూపు తప్పించుకున్నాడు.

"ఆ ముక్క ఏం చేశావు?"

"చింపేశాను" అంది ఆమె.

"పోతే పోయిందిలే. కళాకారుల మనసు అలాంటిది, నేను అర్థం చేసుకోగలను. ఇన్‌స్పెక్టరు గారూ, నేను కంప్లయింటు వెనక్కి తీసుకుంటున్నాను." పెద్దమనిషి మళ్లీ ఆమె వైపు తిరిగాడు. "మా ఇంట్లో పాత పటాలు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. గీత పనికి ఆయనకి తిరుగులేదు. రంగు దగ్గరే ఇబ్బంది. నింపడానికి నమ్మకమైన మనిషి కావాలి. కారు బయటే ఉంది. వస్తావా?"

దేవుడిలాంటి మనిషి అనుకుంటున్నట్టు డైరెక్టరు కళ్లు చెమర్చాయి.

"ఆవిడ రాదు" అన్నాడు నిదానం.

"వస్తాను" అంది ఆమె, అప్పటికే లేచి నిలబడి.

నిదానం ఆమెను తలుపు వారకి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. "అమ్మా, వద్దు. ఈయన మిమ్మల్ని ఎందుకు రమ్మంటున్నాడో మీకు తెలుసు. బయట ఉంటే నోరు విప్పుతారని. ఒకసారి ఆ గుమ్మం లోపలికి వెళ్తే మళ్లీ రానివ్వడు."

"తెలిసే వెళ్తున్నానయ్యా."

"ఒక్కరోజు ఆగండి. నేను ఆ ఇల్లు పట్టుకుంటాను."

"మీరు మంచివారు. కానీ మూడేళ్లుగా రాత్రిపూట తలుపు గడియ పెట్టి మళ్లీ తీసి చూస్తున్నాను, బయట ఆయన ఉన్నాడేమోనని. ఇవాళ ఎక్కడున్నాడో తెలిసింది. ఇంకొక్క రాత్రి కూడా ఆ గడియ పెట్టుకోలేను." అని, ఏదో గుర్తొచ్చినట్టు హాల్లోకి వెళ్లి, తన పెట్టెలోంచి దారపు ఉండ తీసుకుని కొంగున కట్టుకుంది. రంగుల సీసాల వైపు చూడనయినా లేదు.

పెద్దమనిషి వెనక సీటు తలుపు తనే తీసి పట్టుకున్నాడు. ఆమె ఎక్కి కూర్చుని చీర సర్దుకుంది. కారు గేటు దాటి మలుపు తిరిగింది.

"నువ్వయినా ఆపవేం?" అన్నాడు నిదానం.

"ఏమని ఆపమంటావు బావా? కేసే లేదు. ఆవిడ ఇష్టపడి ఎక్కింది." ఇన్‌స్పెక్టరు చేతులు దులుపుకున్నట్టు అన్నాడు గానీ, గొంతులో ఆ ధీమా లేదు.

నిదానం వెనుదిరిగి హాల్లోకి నడిచాడు. పేపరు విప్పి, చిలకల ముక్కను పటం కింద, అది ఉండవలసిన చోట గోడకి ఆనించి పట్టుకున్నాడు. భూతద్దం పెట్టాడు. ఆకులు చూశాడు, అన్నీ గోధుమరంగు, కుంచె వాలు కుడిచేతిది. ఒక్కొక్క చిలకనే చూసుకుంటూ కొమ్మ చివరికి వెళ్లాడు. అక్కడ అద్దం ఆగిపోయింది.

"ఇలా రా."

ఇన్‌స్పెక్టరు వచ్చి పక్కన వంగాడు. చెట్టు చిటారున, ఆకుల వెనక సగం దాగిన ఒక చిలక. దాని రెక్క మొదలు పచ్చగా ఉంది. చక్కటి చిలకపచ్చ. రెక్క మధ్యకి వచ్చేసరికి పచ్చ ఆగి, అక్కడినుంచి గోధుమరంగు మొదలైంది.

"ఈ పచ్చ పూసింది ఎడమచెయ్యి" అన్నాడు నిదానం. "మిగతా పటమంతా నింపిన చెయ్యే. ఈ చివరి గడి కూడా ఆ మనిషే మొదలుపెట్టింది. రెక్క సగంలో ఉండగా లేచిపోయింది. మళ్లీ వచ్చి కూర్చోలేదు. పాపం గీసిన ముసలాయన, రంగులు తెలియకపోయినా, చేసేదేమీ లేక మిగతాదంతా తనే పూశాడు."

"మానేసి వెళ్లిపోయి ఉంటుంది."

"చిలక రెక్క సగంలో ఎవరు మానేస్తారు? ఈవిడ మొగుడి పక్కన ఎవరూ లేరనుకుంది గానీ, ఉన్న మనిషి ఏమయిందో ఆలోచించలేదు. నాకూ ఇప్పటిదాకా తట్టలేదు. ఖాళీ అయిన చోటులోకే ఈవిడని తీసుకెళ్లాడు."

ఇన్‌స్పెక్టరు నిటారుగా లేచి నిలబడ్డాడు. గోడకి చెయ్యి ఆనించుకుని, చాలా కాలం తర్వాత, ఇంట్లో మాట్లాడే గొంతుతో మాట్లాడాడు.

"బావా, వానాకాలంలో కాలవలో ఒక ఆడమనిషి దొరికింది. ఇరవై అయిదేళ్లుంటాయి. ఎవరూ రాలేదు, ఎవరూ అడగలేదు. కాలుజారి పడిందని రాసి మూసేశాను."

"ఊఁ."

"గోళ్ల కింద పచ్చగా ఉంది. నాచు అనుకున్నాను."

"ఏ చెయ్యి?"

ఇన్‌స్పెక్టరు తన రెండు చేతుల వైపూ చూసుకున్నాడు. చూసుకుని, ఎడమచెయ్యి ఎత్తాడు.